అల మీద వంటిల్లు

నమోదు 118, సోమవారం

ఈ ఉదయం నేల కదలడం మానేసింది.

టీ గ్లాసు బల్ల మీద పెట్టి, అలవాటు కొద్దీ జారిపోకుండా వేలు అడ్డం పెట్టాను. గ్లాసు కదల్లేదు. గోడకు వేలాడదీసిన గరిటెలు ఒకదాన్నొకటి తాకలేదు. కిటికీలోంచి చూస్తే సముద్రం ఎప్పటిలాగే ఎగిరెగిరి పడుతోంది. మా పళ్ళెం మాత్రం పాతకాలపు సిమెంటు అరుగులా నిలబడి ఉంది.

సముద్రం మీది మా ఊరు తేలువాడలో ఇళ్ళు మోసే తేలే దిమ్మెలన్నిటికీ అంచులు ఎత్తుగా ఉంటాయి. అందుకే జనం వాటిని పళ్ళేలంటారు. మాది మూడోది. ఇంజినీరు దావీదు దాని అడుగున బిగించిన ‘నిలకడ’ యంత్రాలు ఈ రోజు తిరగడం మొదలుపెట్టాయి. అవి కావాలని ఊరి కమిటీ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగినవాళ్ళలో నేనే ముందున్నాను. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. తినడం, కట్టుకోవడం, తల దువ్వుకోవడం, ఒంట్లో ఏది సహకరించకపోయినా ఇవన్నీ మనిషి తనకు తానుగా చేసుకునే దారి వెతకడం నా ఉద్యోగం. ఊగే నేల మీద ఆ పని చేయించడం ఎంత నరకమో నాకు తెలుసు.

ఈ నమోదుల్ని మిషన్‌కి నోటితో చెప్పినా చాలు, అదే రాసుకుంటుంది. కానీ ‘ఆయన పడీపడీ నవ్వాడు’ అని చెబితే ‘పేషెంటు స్పందన సానుకూలం’ అని రాస్తుంది. ఒళ్ళు మండి నేనే టైపు చేస్తున్నాను. చివర్లో ఒక్కొక్క పేషెంటు గురించీ అది ఒక ప్రశ్న అడుగుతుంది. స్వయంగా తిన్నారా? అవును, కాదు. ఆ ‘అవును’ నొక్కే భాగ్యం కోసమే రోజూ లేచి స్నానం చేస్తాను.

ఈ రోజు నొక్కాను. పోలయ్య పేరు మీద!

పోలయ్యకి పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. నేల ఊగితే కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయేవాడు. భార్య నూకరత్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. ఈ రోజు ఆయన కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. కాసేపు నిలబడే ఉన్నాడు. తర్వాత కూర్చుని, ఎడమ చేత్తో చెంచా పట్టుకుని అన్నమంతా తిన్నాడు. సాయం చేయాలని నా చేతులు ఎంత పీకినా వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మా వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని అదే.

“పోలీసోల్లు పట్టుకున్నట్టు సేతులెనక్కి పెట్టీసుకున్నావేటమ్మా?” అని నూకరత్నం ఎప్పటిలాగే వేళాకోళం చేసింది. ఆ తర్వాత మొగుడి వైపు తిరిగి, “ఐతే మావా, ఇంక నాతో పని లేదన్నమాట” అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది.

నమోదు 121, గురువారం

నూకరత్నం గురించి రాయాలి.

ఆవిడకి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. చేతులూ మెడా ఆవిడ మాట వినకుండా వాటంతటవే తిరుగుతుంటాయి. అయినా ఆవిడ చేసే చేపల పులుసు ఈ పళ్ళెంలో ఇంకెవరూ చేయలేరు. చేయి గాల్లో ఎటెటో తిరిగి తిరిగి, చివరికి గిన్నె దగ్గరికి వచ్చేసరికి చిత్రంగా కుదురుకునేది. ఎలా అని నేనెప్పుడూ అడగలేదు. చక్కగా జరిగిపోయే పనిని ప్రశ్నించేంత తీరిక నాకెక్కడిది!

ఈ రోజు ఆవిడ చేతిలోంచి పులుసు గిన్నె జారిపోయింది. పాదం మీద ఒలికి బొబ్బ లేచింది. మందు రాస్తుంటే, “సెయ్యెందుకో నా మాట ఇనట్లేదమ్మా. రెండు మూడు రోజులనుంచి ఇలాగే ఉంది” అంది.

“ఎప్పుడు మాత్రం విన్నదిలే” అన్నాను.

“అది కాదమ్మా. ఇంతకుముందు అల్లరి సేసీది గాని, పని దగ్గరికొచ్చీసరికి ఇనీది.”

ఆవిడ ముఖంలో వేళాకోళం లేదు.

నమోదు 126, మంగళవారం

బరువు చెంచా ఇచ్చాను, కుదరలేదు. మణికట్టుకి పట్టీ కట్టాను, కుదరలేదు. మా చదువులో మొదటి పాఠం స్థిరమైన కుర్చీ, నేలకు ఆనిన పాదాలు, ఆనుకోవడానికి బల్ల. అవన్నీ అమర్చాను. నేల మీద చీమ కూడా ఊగడం లేదు. ఇంతకంటే స్థిరం ఇంకెక్కడ దొరుకుతుంది? ఆవిడ చెంచా ఎత్తిన ప్రతిసారీ అన్నం భుజం మీదుగా వెనక్కి పోతోంది.

పోలయ్య ఎడమ చేత్తో ముద్ద కలిపి భార్య నోటి దగ్గర పెట్టాడు. ఆవిడ గోడ వైపు తిరిగింది.

“తినవే” అన్నాడాయన. పక్షవాతం వచ్చాక ఆయన మాట ముద్దగా వస్తుంది. అందుకే పొదుపుగా వాడతాడు.

“ఆకలి నేదు.”

ఉంది. మాకు ముగ్గురికీ తెలుసు. ఇన్నాళ్ళూ ఆయనకి తినిపించిన మనిషి, ఇప్పుడు ఆయన చేతి ముద్ద తినలేకపోతోంది. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. కానీ వెళ్ళిపోతే ఆవిడ అసలే తినదు. అందుకని నేను కాసేపు వాళ్ళ చేపల పులుసు గురించి పిచ్చి ప్రశ్నలు వేస్తూ కూర్చున్నాను. చింతపండు ఎంత, ఉల్లిపాయ ఎప్పుడు అంటూ. చెబుతూ చెబుతూ ఆయన చేతి ముద్దలే నాలుగు తినేసింది.

మిషన్ మాత్రం నా నమోదులు చూసి ఆవిడ పేరు పక్కన ‘క్షీణత’ అని రాసింది. వయసుతో పాటు జబ్బు ముదిరిందట, సేవా పళ్ళేనికి పంపడం మేలట. తమ పని తాము చేసుకోలేనివాళ్ళుండే ఆ సేవా పళ్ళెంలో ఒక్కొక్కరికే గది. భార్యాభర్తలకు కలిపి ఇవ్వరు. గట్టు మీదున్న ఆసుపత్రిలో స్కాను తీయించేదాకా ఏమీ తేల్చవద్దని కమిటీ అధ్యక్షురాలు సుభద్రమ్మను బతిమాలాను. సరేనంది.

నమోదు 128, గురువారం

నా చదువుని తీసుకెళ్ళి సముద్రంలో పారేయాలి.

పొద్దున్నే నూకరత్నాన్ని లాంచీ ఎక్కించుకుని గట్టుకి బయలుదేరాను. గాలి జోరుగా ఉంది. లాంచీ లేస్తోంది, పడుతోంది. పది రోజులు నిలకడ మీద బతికేసరికి నాకు ఊపు అలవాటు తప్పింది. రెయిలింగు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఎదుటి బల్ల మీద నూకరత్నం టిఫిన్ క్యారియర్ విప్పి పెరుగన్నం తింటోంది.

చెంచాతో తింటోంది. ఒక్క మెతుకు కూడా కింద పడలేదు.

నేను గుడ్లప్పగించి చూశాను. అల లాంచీని పైకెత్తుతుంటే ఆవిడ చేయి కూడా పైకి లేస్తోంది. లాంచీ దిగే క్షణంలో చెంచా నోట్లో ఉంటోంది. చేయి పక్కకి పోబోతే పడవే దాన్ని వెనక్కి తెస్తోంది.

“రత్నమ్మా, ఎలా తింటున్నావు?”

“ఎలగేటమ్మా? నోటితోటి.”

“చేయి మాట వింటోంది కదా?”

ఆవిడ అప్పుడు చూసుకుంది. చెంచా గాల్లోనే ఆగింది. తర్వాత ఇంకో అల వచ్చింది, చెంచా నోట్లోకి వెళ్ళింది. ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నాకూ ఆగలేదు. ఇద్దరం ఏడుస్తుంటే లాంచీ నడిపే సరంగు వాంతులనుకుని సంచి తెచ్చిచ్చాడు.

పుట్టినప్పటినుంచీ పడవలూ పళ్ళేలూ తప్ప ఆవిడకి వేరే నేల తెలియదు. తల్లి పడవలోనే కన్నదట. ఆ ఒళ్ళు ఊపుతోనే పని నేర్చుకుంది. మేము దాని కింది ఊపు లాగేశాం. నేల కదలకపోతే అందరికీ మంచిదే అనుకోవడం నాలాంటివాళ్ళకే సాధ్యం. వేరేవాళ్ళకి ఆ స్థిరమైన కుర్చీ పాఠం ఎవరూ చెప్పరు మరి.

స్కాను తీశారు. ఎక్కడా ఏ మార్పూ లేదు.

నమోదు 129, శుక్రవారం

సంతోషంగా దావీదు దగ్గరికి పరిగెత్తాను. “నిలకడ ఆపగలవా?” అన్నాను.

“స్విచ్ నొక్కితే ఆగుద్ది మేడమ్. మరి పోలయ్య మావ?”

నా సంతోషమంతా అక్కడే నీరుగారిపోయింది.

సాయంత్రం ఇద్దరికీ విషయం చెప్పాను. నూకరత్నం ఇంతెత్తున లేచింది. “నా సేతికోసం ఆడి కాళ్ళు తీసీస్తావేటమ్మా? వొద్దు. నిలబడ్డాడు, నిలబడనీ.”

పోలయ్య తల అడ్డంగా ఊపాడు. “ఆపీ. నాను కూకుంటాను.”

“నువ్వు నోర్ముయ్యి మావా.”

“నువ్వు ముయ్యి.”

“నీకిప్పుడు నోరొచ్చీసిందేటి?”

అరగంట సేపు పోట్లాడుకున్నారు. ఎవరిది వాళ్ళు వదులుకుంటామని ఇంత గొంతు చించుకోవడం నేను చూడలేదు. ఇద్దరి మీదా ప్రేమ ముంచుకొచ్చి, ఇద్దర్నీ తిట్టి బయటికొచ్చాను.

నమోదు 131, ఆదివారం

కమిటీ కూర్చుంది. సుభద్రమ్మ మంచి మనిషి. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీలుండదు.

“నిలకడ ఆపలేం హైమా. పోలయ్య ఒక్కడే కాదు, కడుపుతో ఉన్నవాళ్ళున్నారు, ముసలివాళ్ళున్నారు. ఒకటో పళ్ళెం పాతది. అక్కడ నిలకడ లేదు. నూకరత్నానికి అక్కడ గది చూశాం. వంటిల్లు కూడా ఉంది. ఆదివారం ఆదివారం లాంచీ తిరుగుతుంది, వచ్చి చూసి వెళ్ళొచ్చు.”

నేను నోరు తెరిచేలోగానే నూకరత్నం, “సరేనమ్మా, ఎల్తాను” అంది.

బయటికి రాగానే నిలదీశాను. “ఎందుకు ఒప్పుకున్నావు?”

“మరేటి సెయ్యనమ్మా? ఇక్కడుంటే నానాడికి బరువు. ఆడు నాకు తినిపిస్తావుంటే నా పేనం ఒప్పట్లేదు.”

“ఆయన నీకెప్పుడైనా బరువయ్యాడా?”

“అవ్వనేదు.”

“మరి?”

ఆవిడ చీర కొంగుతో ముఖం తుడుచుకోబోయింది. చేయి ఎటో పోయింది. నా చేతులు వెనక్కి కట్టుకోవాలని నాకు గుర్తు రాలేదు. నేనే తుడిచాను. ఇలాంటప్పుడు వృత్తి ధర్మం గంగలో కలిసినా ఫరవాలేదు.

నమోదు 132, సోమవారం

వాళ్ళ ఇల్లు పళ్ళెం అంచునే ఉంటుంది. వెనక తలుపు తీస్తే సన్నటి నడవ, ఆ తర్వాత సముద్రం. ఆ నడవలోనే పోలయ్య పడవ బోర్లా పడి ఉంటుంది. పక్షవాతం వచ్చాక ఆయన దాని వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తలుపు తీసి ఉంటే మూసేయమంటాడు.

నూకరత్నం బట్టలు సర్దుకుంటోంది. చేతనవుతున్నంత వరకు తనే సర్దుకుంటోంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాను. నాకు నా మీద, దావీదు మీద, సముద్రం మీద కూడా కోపంగా ఉంది.

“లాంచీలో... తిన్నాదా?” పోలయ్య అడిగాడు. చాలాసార్లు చెప్పాను, అయినా మళ్ళీ చెప్పాను. పెరుగన్నం, అల, చెంచా. ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత కమ్మీ పట్టుకుని మెల్లగా లేచాడు. గోడ పట్టుకుంటూ వెనక తలుపు దాకా నడిచాడు. తలుపు తనే తీశాడు.

పడవ వైపు చాలాసేపు చూశాడు.

“తిప్పు” అన్నాడు.

“ఏటి తిప్పడం?” అంది నూకరత్నం లోపల్నుంచి.

“పడవ. నీళ్ళల్లోకి. ఈ గుమ్మానికి కట్టు. పొయ్యి... దాంట్లో ఎట్టు.”

నూకరత్నం చేతిలో చీర కింద పడింది. నేను దావీదు కోసం పరిగెత్తాను.

నమోదు 139, సోమవారం

దావీదు ఈ వారమంతా నిద్ర మానేసినట్టే పనిచేశాడు. పడవకి పక్కలు ఎత్తు చేశాడు, పైన రేకు కప్పాడు. పళ్ళేనికి కొట్టుకోకుండా నాలుగు వైపులా స్ప్రింగులతో కట్టాడు. ఇంటి గుమ్మానికీ పడవకీ మధ్య కదిలే పలక వేశాడు. పొయ్యిని నూకరత్నం చెప్పిన ఎత్తులో బిగించాడు. అలమర మాత్రం దావీదు తనకు తోచిన చోట పెట్టాడు, ఆవిడ పీకించింది.

పడవలో కూర్చోబెట్టగానే ఉల్లిపాయలు తరిగింది. నా కళ్ళ ముందు ఆ చేతులు మళ్ళీ పాత అల్లరే చేస్తూ తిరిగి, కత్తి దగ్గరికి వచ్చేసరికి కుదురుకున్నాయి.

కానీ ఒక చిక్కుంది. లోపలికి వెళ్ళడం, బయటికి రావడం. ఇటు నేల కదలదు, అటు కదులుతుంది. పలక మీద ఒక కాలు పెట్టి రెండో కాలు ఎత్తేసరికి ఆవిడకి రెండు నేలల మధ్య ఏం చేయాలో తెలియడం లేదు. ఈ రోజు పడబోతే నేనూ దావీదూ పట్టుకున్నాం. సుభద్రమ్మ శుక్రవారం చూడడానికి వస్తుంది. గుమ్మం దాటడానికి ఇద్దరు మనుషులు కావాలంటే కమిటీ ఒప్పుకోదని ముందే చెప్పింది. అప్పుడిక ఆదివారం లాంచీలో ఒకటో పళ్ళేనికే.

కమ్మీలు వేయించాను. పలక మీద గరుకు పట్టీ అంటించాను. ఆవిడ కాలు ఇంకా తడబడుతూనే ఉంది.

నమోదు 141, బుధవారం

ఈ రోజు కూడా దాటలేకపోయింది. రెండోసారి ప్రయత్నిస్తుంటే గుమ్మంలో నిలబడి చూస్తున్న పోలయ్య, “ఆగు” అన్నాడు.

ఆగింది.

ఆయన ఆవిడ వైపు చూడడం లేదు. ఆవిడ భుజం మీదుగా సముద్రం వైపు చూస్తున్నాడు. వల విసిరేటప్పుడు చూసే చూపు అదేనట, తర్వాత నూకరత్నం చెప్పింది.

“ఆగు... ఆగు... ఇప్పుడెయ్యి.”

కాలు వేసింది. అదే క్షణంలో పడవ పైకి లేచి పలకతో సమానంగా వచ్చింది. ఆవిడ అవతల ఉంది.

కదలని నేల మీద నిలబడ్డాడు కాబట్టే ఆయన అంత దూరపు అలని కూడా చూడగలిగాడు. ఊగే నేల మీద అయితే ఆయన తన ఒరుగుడు చూసుకోవడమే సరిపోయేది. ఇది నాకు అప్పటికప్పుడు తట్టలేదు. ఇంటికొచ్చి అన్నం తింటుంటే తట్టి, ఒక్కదాన్నే గట్టిగా చప్పట్లు కొట్టాను. పక్కింటివాళ్ళు ఏమైందని అడిగారు.

నమోదు 143, శుక్రవారం

సుభద్రమ్మ మధ్యాహ్నం వచ్చింది. దావీదు కొత్త చొక్కా వేసుకొచ్చాడు, పరీక్ష అతనికన్నట్టు.

గాలి ఎక్కువగానే ఉంది. వాయిదా వేద్దామా అన్నాను. నూకరత్నం, “గాలున్నరోజు ఆడికి ఆకలుండదేటి?” అంది.

పోలయ్య ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. “ఆగు” అన్నాడు. ఒక అల వెళ్ళింది. “ఆగు.” ఇంకొకటి వెళ్ళింది. సుభద్రమ్మ ఊపిరి బిగపట్టింది. నా చేతులు వెనక ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి.

“ఎయ్యి.”

ఆవిడ అవతల ఉంది. వెనక్కి తిరిగి చూసి, “అమ్మా, ఊపిరి ఇడిసీండి, సచ్చిపోగల్రు” అంది అధ్యక్షురాలితో.

పులుసు మేమందరం చూస్తుండగానే చేసింది. చింతపండు ఎంతో, ఉల్లిపాయ ఎప్పుడో నాకు తెలుసు కాబట్టి మధ్యమధ్యలో సుభద్రమ్మకి వివరిస్తూ ఎచ్చులు పోయాను. గిన్నె దించి కంచాల్లో అన్నం పెట్టి, పులుసు పోసి, ఒక్కొక్క కంచం గుమ్మం దగ్గరికి పట్టుకొచ్చింది. పోలయ్య “ఇటియ్యి” అన్నప్పుడల్లా పడవ లేచేది, ఆవిడ చేయి లేచేది, కంచం ఆయన ఎడమ చేతిలోకి వచ్చేది. ఒక్క చుక్క ఒలకలేదు అని రాయాలనుంది. రెండుసార్లు ఒలికింది. ఒకసారి దావీదు కొత్త చొక్కా మీద. ఎవరూ పట్టించుకోలేదు, దావీదు తప్ప.

సుభద్రమ్మ కంచం ఖాళీ చేసింది. చెయ్యి కడుక్కుని, “ఒకటో పళ్ళెంలో గది వేరే ఎవరికైనా ఇస్తాం” అంది. ఆ తర్వాత కాస్త సిగ్గుపడుతూ, “ఇంకొంచెం పులుసుందా?” అని అడిగింది.

అందరూ వెళ్ళిపోయాక నూకరత్నం తన కంచంతో గుమ్మానికి అవతల, పడవ బల్ల మీద కూర్చుంది. పోలయ్య ఇవతల, గడప మీద కూర్చున్నాడు. ఆయన కంచం ఆయన ఒళ్ళో ఉంది, చెంచా ఎడమ చేతిలో ఉంది. నాలుగు చెంచాలు తిన్నాడు. తర్వాత చెంచా పక్కన పెట్టి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు.

“నీకు సెయ్యి ఉంది కదా మావా. తిను.”

“ఉంది గాని... నువ్వెట్టు.”

ఆవిడ నా వైపు చూసింది. నేను సముద్రం వైపు చూశాను. అల వచ్చింది. ఆవిడ చేయి గాల్లో ఎటెటో తిరిగి, తిరిగి, ముద్దని సరిగ్గా ఆయన నోటి దగ్గరికి తెచ్చింది.

ఇప్పుడు మిషన్ పోలయ్య పేరు మీద తన ప్రశ్న అడుగుతోంది. స్వయంగా తిన్నారా?

కాదు. భార్య తినిపించింది. తినగలిగి కూడా తినిపించుకున్నాడు.

మిషన్ దీన్ని ‘క్షీణత’ అని రాయబోతోంది. రాయనివ్వను.